మోటారుబండికి జాతి యేది?

కొన్ని దినముల క్రిందట మా వీథిలోని యొక పెద్దమనుష్యుని యింట సాయంకాలమున జరిగిన సంవాద మీ వ్యాసమునకు మూలము. ఆయన ఉద్యోగవిరమణానంతరము, దాచుకొన్న ధనముతో నొక క్రొత్త మోటారుబండి కొనిరి. అది కియా కంపెనీవారిది. పెనుకొండ చెంతనున్న కర్మాగారమున తయారైనది. చూడవచ్చిన వారి బావమఱదిగారు బండి చుట్టును ఒకసారి తిరిగి వచ్చి, "బండి బాగుగనే యున్నది కాని, బావగారూ, ఇన్నాళ్లు మాకు స్వదేశీ, స్వదేశీ యని బోధించి, తుదకొక కొరియా బండిని తెచ్చి వాకిట నిలిపితిరా?" యని యాక్షేపించిరి. ఆయన నవ్వి, "కొరియా యేమయ్యా! మన పెనుకొండలో పుట్టిన బండి. దీనిని బిగించిన చేతులు మన సీమవారివి. ముందు నీ బండి సంగతి చెప్పుము" అనిరి. "నా బండికేమి లోపము? మారుతి! పేరులోనే ఆంజనేయస్వామి యున్నాడు" అని ఆయన బదులు చెప్పిరి. "పేరు స్వామిదే, లాభములో పెద్దవాటా జపానువారిది" అని బావగారు. వాదము ముదిరి, కాఫీ చల్లారి, తుదకు ఇరువురును మావైపు తిరిగి, "పంతులుగారూ, సంస్కృతమును ఇంగ్లీషును చదివినవారు, మీరే తీర్పు చెప్పుడు" అనిరి. మేమా రాత్రి తీర్పు చెప్పలేకపోతిమి. తరువాత ఆలోచించిన కొలది, ప్రశ్న మేమనుకొన్నంత చిన్నది కాదని తోచినది.

యంత్రమునకు జాతి యేమని చదువరులు నవ్వవచ్చును. ఇనుమునకు మాతృభాష లేదు. రబ్బరునకు కులదైవము లేదు. ఐనను ఈ ప్రశ్న పేర ప్రభుత్వములు శాసనములు చేసినవి. వ్యాపారులు ధన మార్జించిరి. ఒకచోట నిరపరాధి ప్రాణమే పోయినది. కావున దీనిని కొంచెము నిదానముగ విచారింపవలసి యున్నది.

బండిని గూర్చిన విచారము మన దేశమునకు క్రొత్తది కాదు. మిళిందప్రశ్న మను బౌద్ధగ్రంథమున నాగసేనభిక్షువు యవనరాజగు మిళిందుని, "నీవు రథముపై వచ్చితివి గదా, ఆ రథమేది? ఇరుసా? చక్రములా? నొగలా?" యని యొక్కొక్క యవయవమును చూపి ప్రశ్నించెను. రాజు దేనికిని ఔనని చెప్పలేక, ఈ యవయవముల కూడికను బట్టి రథమను వ్యవహార మేర్పడుచున్నదని యొప్పుకొనెను. గ్రీకులలో ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడ కథయు నిట్టిదే. పుచ్చిన పలక నెల్ల తీసి క్రొత్తపలక వేయుచు పోగా, మిగిలినది ఆ యోడయేనా కాదా యని ఏథెన్సు తత్త్వవేత్తలు వాదించుకొనిరట. వారి ప్రశ్న "ఇది యేమి?" అనునది. మన ప్రశ్న "ఇది యెవరిది?" అనునది. ఐనను నాగసేనుని పద్ధతి మనకును పనికివచ్చును. బండిజాతిని నిర్ణయించునని లోకము తలచు నంశములను ఒక్కొక్కటిగా పట్టి చూతము.

మొదటిది మూలధనము. డబ్బు పెట్టినవాడు యజమాని. యజమాని యే దేశస్థుడో బండియు నా దేశపుదే యని కొందఱందురు. జర్మనీలోని ఓపెల్ కంపెనీని చూడుడు. 1862లో ర్యూసెల్స్‌హైము పట్టణమున కుట్టుమిషనుల తయారీతో మొదలైన ఈ సంస్థలో అధికభాగమును 1929లో అమెరికావారి జనరల్ మోటార్స్ కొన్నది. అప్పటి నుండి 2017 వఱకు, అనగా 88 సంవత్సరములు, ఓపెల్ అమెరికావారి చేతిలో నుండెను. ఆ కాలమంతయు జర్మనులు దానిని తమ బండి యనియే వ్యవహరించిరి. ఇంకను దగ్గఱి యుదాహరణము మన టాటావారిది. 2008లో వారు జాగ్వారు, ల్యాండు రోవరు కంపెనీలను ఫోర్డువారి యొద్ద సుమారు 230 కోట్ల డాలర్లకు కొనిరి. ఒకనాడు మనల నేలిన దేశపు కీర్తిచిహ్నము మన యింటికి వచ్చినదని పత్రికలు పొంగిపోయినవి. కాని ఆ బండి భారతీయమైనదా? ప్రధాన కార్యాలయము నేటికిని ఇంగ్లండులోని కొవెంట్రీలోనే యున్నది. కొనువాడు దాని ఇంగ్లీషు పోకడలను చూచియే కొనుచున్నాడు. ఇంతకంటె విశేషమేమనగా, యజమానియు దానిని ఇంగ్లీషు బండిగనే నిలుప గోరుచున్నాడు. ఏలయన ఆ యింగ్లీషుతనమునకే ఆయన డబ్బు చెల్లించినాడు. కావున సొమ్ము యాజమాన్యమును మార్చునే గాని, అంతమాత్రమున జాతిని మార్చదు.

రెండవది పుట్టిన తావు. ఇది సామాన్యజనులకు సహజముగ తోచు మాట. 1887లో ఇంగ్లండు పార్లమెంటు విదేశపు సరకులపై అవి యే దేశమున తయారైనవో ముద్రవేయవలెనని శాసించినది. జర్మనీ సరకు నాసిది, దానిని గుర్తించి జనులు విడుచుదురుగాక యని తలంపు. ఫలితము తలక్రిందులైనది. "జర్మనీలో తయారైనది" అను ముద్రయే కొలదికాలమునకు మేలిమికి గుర్తై, ఆ సరకునకు గిరాకి తెచ్చిపెట్టెను. 1900 నుండి జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెములలో, దేశము పేర పరుగెత్తు బండి యొక్క ప్రతి భాగమును ఆ దేశమునందే తయారుకావలెనని నియమముండెను. ఆ నియమమును నేడు పెట్టినచో ఏ దేశమునుండియు ఒక్క బండియైనను పందెమునకు రాజాలదు. ఒక్కొక్క బండిలోని భాగములు పెక్కు దేశములనుండి వచ్చుచున్నవి. దీనిని గ్రహించియే అమెరికావారు 1992లో నొక చట్టము చేసి, క్రొత్తబండి అద్దముపై దాని భాగములలో నూటికెన్ని పాళ్లు స్వదేశమువో తెలుపు పత్రము నంటింపవలెనని విధించిరి. ఐతే ఆ "స్వదేశము"లో కెనడాను గూడ కలిపివేసిరి! జాతీయతను శాతములలో కొలువబోగా, కొలబద్దయే సరిహద్దు దాటినది.

ఇక నేలయైనను స్థిరముగ నుండునా? ఎట్టోరే బుగాట్టి మిలానులో పుట్టిన ఇటలీవాడు. 1909లో ఆయన మోల్సైము అను నూర కర్మాగారము స్థాపించెను. నాడది జర్మను సామ్రాజ్యములోనిది. మొదటి మహాయుద్ధానంతరము ఆ ప్రాంతము ఫ్రాన్సునకు చెందినది. బుగాట్టి ఫ్రాన్సు దేశపు గర్వకారణమైనది. కర్మాగారము కదలలేదు, సరిహద్దే దానిని దాటి నడచిపోయినది.

తావు నెపమున మోసమును కలదు. 2024 ఏప్రిలులో ఇటలీదేశపు ఆల్ఫా రోమియోవారు ఒక క్రొత్తబండిని బయటపెట్టి, తాము పుట్టిన మిలానో నగరము పేరు దానికి పెట్టిరి. బండి తయారగునది పోలండులో. ఇటలీ కాని దానిని ఇటలీదిగా భ్రమింపజేయు పేరు శాసనవిరుద్ధమని ఇటలీ మంత్రి యభ్యంతరము చెప్పగా, కంపెనీవారు కొలది దినములలోనే పేరు మార్చి, జూనియర్ అనిరి. మఱుసటి నెలలోనే మొరాకోలో తయారై, తలుపుమీద ఇటలీ జెండా గుర్తుతో వచ్చిన 134 చిన్న ఫియట్ బండ్లను లివోర్నో రేవున అధికారులు పట్టుకొనిరి. దీనిని గూర్చి నవ్వినవారు కలరు. మేము నవ్వము. కొనువానికి సత్యము తెలియవలెననుట న్యాయమే. జెండా గుర్తు తలుపుమీదనుండి పోలండు కార్మికుని, మొరాకో కార్మికుని శ్రమను కప్పిపుచ్చినచో, అది కొనువానికే కాదు, చేసినవానికిని ద్రోహము.

మూడవది పేరు. పేరునందు జాతి యున్నదందుమా? మెర్సిడిస్ అనగానే లోకమునకు జర్మనీ స్ఫురించును. ఆ పేరు స్పానిషు భాషలోనిది. నీస్ నగరమున వ్యాపారము చేసిన ఎమిల్ యెల్లినెక్ అను నాయన కూతురి పేరు. చిత్రమైన కథ రోల్స్ రాయిసుది. 1998లో జర్మనీవారి ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌనులిచ్చి ఆ కార్ల సంస్థను కొన్నది. క్రూ పట్టణములోని కర్మాగారము, పనివారు, నమూనాలు, ముందుభాగమున నిలుచు బొమ్మతో గూడ నన్నియు దాని వశమైనవి. కాని పేరుమీది హక్కు విమానయంత్రములు చేయు మఱొక రోల్స్ రాయిసు కంపెనీది. వారు ఆ పేరును 4 కోట్ల పౌనులకు బీఎండబ్ల్యూవారికి వినియోగమున కిచ్చిరి. ఒకరికి దేహము దక్కినది. మఱొకరికి నామము దక్కినది. తుదకు 2003 నుండి పేరు బీఎండబ్ల్యూవారు గుడ్‌వుడ్డులో క్రొత్తగ కట్టిన కర్మాగారమునకు పోయెను. క్రూ పట్టణములోని పాత చేతులు బెంట్లీ బండ్లను చేయుచు నిలిచిరి. లోకము పేరువెంటనే నడచినది. ఇందువలన పేరునకు బలము కలదని తేలినది. కాని బలము వేఱు, సత్యము వేఱు. పాత నైపుణ్యమంతయు ఒక యూర నుండగా, ఆ కీర్తి మఱొక యూరికి బదిలీ యగుట వ్యవహారమున చెల్లినది గనుక న్యాయమని చెప్పవలసిన పని లేదు.

నాలుగవది చిరకాల వాడుక, జనుల జ్ఞాపకము. మన అంబాసిడరు బండి దీనికి సాక్షి. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు బండియే దాని నమూనా. బంగాళములోని ఉత్తరపాడ కర్మాగారములో హిందూస్థాన్ మోటార్సువారు దానిని 2014 వఱకు చేసిరి. దానికంటె భారతీయమైన బండి లేదని మన దేశస్థులు తలంచిరి. మంత్రి యెక్కినది అదే. పెండ్లికొడుకు నూరేగించినది అదే. కలకత్తాలో బాడుగకు తిరిగినది అదే. ఏ పల్లెటూరి మేస్త్రియైనను సుత్తియు తీగముక్కయు పట్టుకొని దానిని నడిపింపగలిగెను. పుట్టుకచేత ఇంగ్లీషుదైనను, ఆ బండి యిట్లు సేవచేతను పోషణచేతను మనదైనది. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సువారి ప్యూజో కొన్నది. పేరు పోయినది గాని, ఆ జ్ఞాపకము వారికి చేరలేదు. అది అమ్మకమునకు వచ్చునది కాదు.

మారుతి కథయు నీ తరగతిలోనిదే. 1981లో ప్రభుత్వసంస్థగా నేర్పడి, 1982లో జపానువారి సుజుకితో నొడంబడిక చేసికొని, 1983 డిసెంబరులో గుర్గావ్ కర్మాగారమునుండి మొదటి బండిని వెలువరించినది. సుజుకి వాటా మొదట నూటికి 26. 2002లో ఆ కంపెనీకే అధికారము చిక్కినది. 2007లో ప్రభుత్వము పూర్తిగ తొలగినది. అయినను మొట్టమొదటి బండి కొన్న యుపాధ్యాయునకు, గుమాస్తాకు అది జపాను బండి కాదు. తమ యింటికి వచ్చిన మారుతి. కావున బావమఱదిగారి మాట యసత్యము కాదు. కాని పూర్ణసత్యమును గాదు. బావగారి మాటయు నట్టిదే.

ఇట్లు ఒక్కొక్క యవయవమును తీసి చూడగా, జాతి యెందును చిక్కలేదు. "ఐనచో జాతీయత యంతయు భ్రాంతియే గదా, వ్యాపారుల కట్టుకథ గదా" యని ఒక మిత్రుడు మాతో ననెను. మేమంగీకరింపము. నాగసేనుడు రథము లేదనలేదు. రథమొక విడివస్తువు కాదనెను. చుట్టఱికమును చూడుడు. తండ్రి దేహములోగాని, కొడుకు దేహములోగాని వెదకిన అది చిక్కదు. అంతమాత్రమున చుట్టఱికము అబద్ధమా? ఇచ్చిపుచ్చుకొనుటలో, కష్టసుఖములలో నిలుచుటలో అది యున్నది. దత్తతను మన ధర్మశాస్త్రకారు లెఱుగుదురు. దత్తుడు పెంచినవారి గోత్రమును పొందును. ఐనను వివాహవిషయమున కన్నవారి గోత్రమును గూడ విడువ వలనుపడదు. రెండు సంబంధములును నిజమే. ఓపెల్, జాగ్వారు, మారుతి యిట్టి దత్తపుత్రులే. జాతి యొక్కటియే కావలెనని పట్టుపట్టుట మన యాలోచనలోని లోపము. వస్తువులోని లోపము కాదు.

ఇక్కడ మా వంటి సంస్కరణాభిలాషులు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. మనుష్యుని పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులు కట్టరాదని మనము సభలలో చెప్పుచున్నాము. గుణకర్మములను చూడుడని ఉపన్యసించుచున్నాము. మఱి బండి దగ్గఱకు వచ్చుసరికి "ఇది యే వంశము? ఎవరి నెత్తురు?" అని యేల యడుగుచున్నాము? జర్మను బండి యని వాకిట నిలిపి గర్వించుటయు, చీనా సొమ్మని చీదరించుకొనుటయు, ఆ పాత కులాభిమానమే వేషము మార్చుకొని చక్రములెక్కి తిరుగుట కాదా?

ఇది వట్టి యుపమానము కాదు. 1982 జూనులో అమెరికాలోని డిట్రాయిటు చెంత విన్సెంటు చిన్ అను 27 ఏండ్ల యువకుని ఇరువురు కొట్టి చంపిరి. ఒకడు క్రైస్లరు కంపెనీ ఉద్యోగి. మఱొకడు మోటారు పనినుండి తొలగింపబడిన వాని సవతి కొడుకు. జపాను బండ్లు వచ్చి అమెరికావారి పనులు పోవుచున్న కాలమది. ఆ యువకుని వారు జపానువాడని తలచిరి. అతడు జపానువాడు కాడు. చీనాలో పుట్టి, డిట్రాయిటులో నొక చీనావంశపు దంపతులచే దత్తత పొంది పెరిగినవాడు. యంత్రముల పటములు గీయుట అతని వృత్తి. హంతకులకు న్యాయస్థానము చెఱసాల విధింపలేదు. నియమబద్ధమైన విడుదలయు, మూడువేల డాలర్ల జుల్మానాయు విధించి పంపినది. 2012లో చీనాలోని షియాను నగరమున జపాను వ్యతిరేకసంరంభములో, టొయోటా బండి నడుపుకొనుచున్న చీనా దేశస్థునే తోటి చీనావారు తలపగులగొట్టిరి. బండి జాతిని మనిషికి అంటగట్టిన ఫలితమిది. జపానువాడే యైనను చంపదగునా యనునది వేఱుగ చెప్పవలసిన మాట కాదు.

కాబట్టి మా సిద్ధాంతమిది. బండికి జాతి యేది యను ప్రశ్నను గర్వమునకై యడుగరాదు, బాధ్యతకై యడుగవలెను. అట్లడిగినచో అది నాలుగు ప్రశ్నలుగ విడిపోవును. దీని లాభ మెచ్చటికి పోవుచున్నది? దీనిని చేయు చేతులెవరివి, వారికి తగిన కూలియు భద్రతయు కలవా? దీనిని కల్పించు బుద్ధి యెచ్చట పెరుగుచున్నది? ఇది చెడినప్పుడు, కర్మాగారము మూతపడినప్పుడు, జవాబు చెప్పువా రెవరు? ఈ నాలుగింటికి నాలుగు దేశములు బదులుగ వచ్చినను రావచ్చును. అప్పుడు ఆ నాలుగు దేశములకును ఆ బండిలో భాగమున్నదనియే చెప్పవలెను.

యజమాని స్వదేశీయుడైనంత మాత్రమున ఈ బాధ్యత తీఱునను భ్రమయు వలదు. 2000 సంవత్సరమున బీఎండబ్ల్యూవారు రోవరు కార్ల సంస్థను ఇంగ్లీషువారి బృందమునకు 10 పౌనులకే అప్పగించి, మినీ యను చిన్నబండిని మాత్రము తమయొద్ద నుంచుకొనిరి. స్వదేశీయుల చేతికి వచ్చినదని లాంగ్‌బ్రిడ్జి పనివారు సంతోషించిరి. 2005 ఏప్రిలులో ఆ సంస్థ కూలినది. సుమారు ఆఱువేలమంది వీథిపాలైరి. జర్మనుల చేతిలో నిలిచిన మినీయో, ఆక్స్‌ఫర్డునందు తయారగుచునే వచ్చినది. దీనినిబట్టి పరదేశీయులే మేలనుట మా యుద్దేశము కాదు. రోవరు నష్టములు స్వదేశీయులు కల్పించినవే యని యనము. యజమాని దేశము పేరు కార్మికుని యన్నమునకు హామీ కాదనుటయే మా తాత్పర్యము.

స్వదేశీ యను మాటనుగూడ మేము విడువుమనము. పరదేశపు సరకును బహిష్కరించుట యొక్కటే దాని యర్థమైనచో అది యెన్నడో పాతబడెడిది. మన సీమలో పని కల్పించుట, ఆ పనిలోని విద్య మన పిల్లల చేతికి వచ్చుట, ఒకనాటికి బిగించుటయే కాక కల్పించుటయు మనవారు నేర్చుట, ఇదియే దాని ప్రాణము. పెనుకొండకు కర్మాగారము వచ్చుట మంచిదే. 2017లో ఒడంబడిక, 2019లో బండ్ల తయారి. బీడుపడిన కరవుసీమలో అది చిన్న సంగతి కాదు. ఐనను బండి పటము కొరియాయందే గీయబడి, మన పిల్లలు మరలు మాత్రమే బిగించుచున్నంత కాలము మన భాగము సగమే. ఆ మిగిలిన సగమును కొరియావారు మనకీయవలెనని కోరుట కాదు. మనము పాఠశాలలయందు సంపాదించుకొనవలెను. ఉపాధ్యాయులముగ నీ లోపములో మా పాలును కలదని యొప్పుకొనుచున్నాము.

మొన్న మా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు ఆ కర్మాగారమునందే, బండికి తలుపులు బిగించు వరుసలో పనిచేయుచున్నాడు. మా వీథిలోని బండిని చూపి, "అబ్బాయీ, ఇది యెవరి బండి?" అని యడిగితిమి. అతడు క్షణమాలోచించి, "బండి సంగతి నాకు తెలియదండీ. ఎడమతలుపు మాత్రము మాదే" యనెను. దగ్గఱకు పోయి, తలుపు తెఱచి, మూసి, ఆ చప్పుడు విని, సరిగనే యున్నదని తలయూపెను.

ఆ సాయంకాలమే మేము పొరుగింటికి పోయి, బావగారికిని బావమఱదిగారికిని మా తీర్పు తెలిపితిమి: "మీ బండిలో కొరియాకు భాగమున్నది, పెనుకొండకు భాగమున్నది. వారి బండిలో జపానునకు భాగమున్నది, గుర్గావునకు భాగమున్నది. ఎవరి భాగమెంతయో తెలిసికొని, వారికి చెల్లవలసిన మర్యాద చెల్లింపుడు. మొత్తము మాదే యనుట యిరువురకును తగదు." బావమఱదిగారు దీనితో పూర్తిగ తృప్తిపడినట్లు తోచలేదు. కాని వెళ్లునప్పుడు ఆ క్రొత్తబండి యెడమతలుపును ఒకసారి తెఱచి, మెల్లగ మూసి, చప్పుడు విని మఱి పోయిరి.